చిట్టా సాక్షి అవుతుందా?

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. అద్వైతంలో సాక్షి అంటే ఇలా చూసేదే. అది దేన్నీ ఎంచుకోదు, దేన్నీ వదలదు. వేములవాడకు దగ్గర్లోని చందుర్తిలో ఒక విద్యార్థి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, జరిగిందంతా లాగ్‌లో, అంటే ప్రోగ్రాం రాసే చిట్టాలో, ఉందిలే అనుకుంటే, ఆ లాగ్‌ను అలాంటి సాక్షిగా నమ్మినట్టే. ఆ నమ్మకం నిలవదు. 2003లో పైథాన్ 2.3తో వచ్చిన లాగింగ్ మాడ్యూల్‌లో తీవ్రతను బట్టి కింది నుంచి పైకి డీబగ్, ఇన్ఫో, వార్నింగ్, ఎర్రర్, క్రిటికల్ అని ఐదు స్థాయిలున్నాయి. ఏ సెట్టింగూ మార్చకుండా ఇన్ఫో స్థాయిలో 'పద్దు చేరింది' అని రాయిస్తే తెర మీద ఏమీ కనబడదు. వార్నింగ్ కంటే కింది స్థాయివి అది వదిలేస్తుంది.

స్థాయి తగ్గించి అన్నీ రాయిస్తే సరి కదా అనవచ్చు. కానీ ప్రోగ్రాంలో రాయమని చెప్పని చోట డీబగ్ స్థాయి కూడా మూగదే. అన్నీ రాయిస్తే పాస్‌వర్డులూ అందులో చేరతాయి. ఎంపిక తప్పదు. యంత్రానికి మనసు లేదు, పక్షపాతం ఎక్కడిదని మరో వాదన. నిజమే, ఆ పక్షపాతం స్థాయి పెట్టిన మనిషిది. చిత్రగుప్తుడి చిట్టాలో ఏది వదలాలో పద్దులోని మనిషి చెప్పలేడు. లాగ్‌లో మాత్రం ప్రోగ్రాం రాసిన కర్తే ఆ మాట చెబుతాడు. కాబట్టి లాగ్‌లో లేదు గనుక జరగలేదనడం తర్కం కాదు, తప్పించుకోవడం. రాసినదానికే కాదు, రాయించనిదానికీ కర్తే జవాబుదారీ.