లంగరు బరువా, పట్టా?

పడవను నిలుపునది లంగరు, మనిషిని నిలుపునది నియమము అని పోల్చి చెప్పుట వాడుక. పోలిక మంచిదే. కాని ఏ లంగరు ఏ నేలపై ఎట్లు నిలుపునో విచారింపక చెప్పినచో దానివలన కలుగు మేలు స్వల్పము. కావున ముందుగా లంగరు సంగతి తెలిసికొని, పిదప నియమము సంగతి విచారించుట యుక్తము.

నల్లగొండ జిల్లా పెద్దవూర ప్రాంతమునకు ఇది దూరపు ముచ్చట కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట అచ్చటికి దాపుననే కలదు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైనది. కొండవాలులు, పొలములు, శ్రీశైల ఉపద్వారములలో ఒకటిగా పేరొందిన ఏలేశ్వరపు నేల నీటి అడుగునకు చేరినవి. ఆ నీటిపై చేపలు పట్టువారి పుట్టులు, నాగార్జునకొండకు పోవు లాంచీలు తిరుగుచున్నవి. జలాశయపు పూర్తి మట్టము 590 అడుగులు. వేసవిలో 510 అడుగుల దరిదాపులకు దిగిన సంవత్సరములును కలవు. అడుగు నేల ఒకచోట బండ, వేరొకచోట ఇసుక, మరొకచోట ఒండ్రు. ఇట్టి నీటిలో ఒకే లంగరు అన్నిచోట్ల పనిచేయదు.

అన్నిటికన్న పాతది రాతి లంగరు. తాటికి కట్టి వదలిన రాయి తన బరువుచేతనే పడవను ఆపును. గాలి లేనప్పుడు చిన్న పుట్టికి అది చాలును. కాని నల్లరాయి నీట మునిగినప్పుడు తన బరువులో మూడవ వంతుకు మించి కోల్పోవును. పైగా అది నేలను పట్టుకొనదు, లాగినకొలది జారును. 1933లో జాఫ్రీ టేలర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నాగలి రూపమున ఒక లంగరును కల్పించెను. దాని బరువు తక్కువ. పడవ లాగినకొలది అది దుక్కిలో నాగలివలె ఒండ్రులోనికి దిగి మరింత పట్టు సంపాదించును. బండనేలపై అదియు పనికిరాదు. అచ్చట వంకర కొక్కెముల లంగరు కావలెను. కనుక లంగరు విలువ దాని పట్టులో ఉన్నది, ఆ పట్టు నేలనుబట్టి యున్నది.

మనుష్యుల నియమములలోను రాతి లంగరులు పెక్కు కలవు. పదిమంది ఎదుట చేసిన శపథము, వంశగౌరవము, పెద్ద పేరు చూచుటకు బరువైనవే. సాగర్ ఎడమ కాలువపై ఎగువన పొలమున్న రైతు, కాలువ నిండుగా పారునప్పుడు ఒరుల నీరు ముట్టనని ప్రతిజ్ఞ చేయుట సులభము. నీరు సన్నగిల్లినప్పుడు, వంతు దాటి ఒక్క రాత్రి తూము తెరచినచో తన వరి బ్రదుకునన్నప్పుడు, ఆ ప్రతిజ్ఞ బరువు ఎంతవరకు నిలుపును? చివరి భూములలో ఎండు పైరు ఎవరిదో, ఆ ఇంట తినువారెందరో అతడెరిగియున్నచో, ఆ ఎరుక నిలుపును. అది నేలలోనికి దిగిన పట్టు.

లంగరు ఎంత మంచిదైనను తాడు పొట్టిదైనచో వ్యర్థము. లాగుడు నేల వెంబడి ఉన్నప్పుడే లంగరు లోనికి దిగును; పైకి లాగినచో ఊడివచ్చును. అందుచే నీటి లోతునకు 5 మొదలు 7 రెట్ల తాడు వదలవలెనని నావికుల లెక్క. 10 అడుగుల నీటిలో 50 అడుగుల తాడు చాలును. వరద వచ్చి లోతు 30 అడుగులైనచో అదే తాడు రెండు రెట్లయినను కాదు. నియమమునకు ఓర్పే తాడు. నిన్నటి కష్టమునకు చాలిన ఓర్పు నేటి కష్టమునకు చాలకపోవచ్చును. బిగించి కట్టుటయే దృఢత్వమని తలచువాడు తన నియమమును తానే పెకలించుకొనును.

ఇచ్చట ఒక ఆక్షేపము కలుగును. నేలనుబట్టి లంగరును, లోతునుబట్టి తాడును మార్చుట అవకాశవాదము కాదా? సాగర్ జలాశయమున మొదట 408 టీఎంసీలుగా లెక్కించిన నిల్వ, పూడిక చేరుటచే తరువాత 312 టీఎంసీలకు తగ్గినది. ఒకనాటి బండ నేడు ఒండ్రు క్రింద ఉండవచ్చును. పాత కొక్కెమునే నమ్మి కూర్చున్నవాని యందున్నది నిష్ఠ కాదు, నేలను చూడని అలసత్వము. మారరానిది సంకల్పము: ఈ పడవ తనవారిని ముంచరాదు, ఒరులను గుద్దరాదు. వివేకి సాధనమును మార్చును. అవకాశవాది సంకల్పమునే మార్చును. ఇద్దరిని వేరుపరచుటకు ఒక గుర్తు కలదు. మార్పువలన భారము ఎవరిపై పడినదో చూడవలెను. తన భారము తగ్గి పొరుగువాని భారము పెరిగినచో, అది కొట్టుకొనిపోవుటయే.

ఒరులను గుద్దరాదనుట ఉత్తమాట కాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఇదే కృష్ణ విజయవాడ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి పారినది. ఆ వరదలో కొట్టుకొనివచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల వద్ద ఢీకొని కౌంటర్‌వెయిట్లను దెబ్బతీసినవి. కట్టు వీడిన పడవ నష్టము తనతో ఆగదు. నియమభంగము తమ సొంత వ్యవహారమనువారు దీనిని ఆలోచింపవలెను.

లంగరు పట్టుటయే గాక వీడుటయు నేర్చియుండవలెను. రాళ్లలో చిక్కిన కొక్కెము ముందునుండి లాగిన రాదు. అందుచే తెలిసిన నావికుడు దాని తలకు వేరొక సన్నని తాడు, దానికొక బెండు కట్టి ఉంచును. వెనుకనుండి లాగిన చిక్కు వీడును. అదియు లేక, నీరు పెరిగి పడవ ముక్కు మునుగుచున్నచో తాడు కోయవలసినదే. లంగరు పోవును, మనుషులు దక్కుదురు. గట్టు తగాదాలో అన్నతో మాటాడనని ఒట్టు పెట్టుకొన్న తమ్ముడు, అన్న మంచము పట్టినప్పుడును ఆ ఒట్టునే పట్టుకొనియున్నచో, అతడు కాపాడుచున్నది ఇనుప ముక్కను.

ఒడ్డున పాతిన గుంజ స్థావరము, పడవతో తిరుగు లంగరు జంగమము. గుంజ ఉన్నచోటనే రక్షణనిచ్చును; లంగరు పడవ పోయిన ప్రతిచోటను ఇచ్చును. ఇష్టలింగమును దేహముపై ధరించుటలో ఈ అర్థమును పొసగును. శ్రద్ధను గుడిలో దింపి పనికి పోరాదు. అయినను పడవలో చుట్టచుట్టి పడియున్న లంగరు పడవను ఆపదు. లంగరు వేసిన పిదప నావికుడు పడవను కొంత వెనుకకు లాగి చూచును. గట్టుననున్న రెండు చెట్లను గురుతుపెట్టుకొని కదలినదో లేదో కనిపెట్టును. వెలుతురుండగనే, గాలి లేవకమునుపే ఈ పని చేయును. తూకమున తప్పని గింజ, వంతు దాటని నీరు, చెప్పిన గడువునకు తీర్చిన అప్పు, ఇవి మనిషి పగటివేళ చేసికొను ఆ చిన్న పరీక్షలు.