హనుమంతుని విచక్షణ – నేటి సందేశములు



వార్తను మోయువాడు దూత. దూతధర్మమెట్టిదో సుందరకాండమున హనుమంతుడు ఆచరించి చూపెను.

సీతాన్వేషణమునకై లంక ప్రవేశించిన మారుతి, రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని జూచి, ఆ రూపసంపదను బట్టి ఆమెయే సీతయని తలచెను. ఆనందముతో తోకను ముద్దాడెను, స్తంభములనెక్కి దుమికెను. కాని అంతలోనే నిలిచి విచారించెను. రాముని ఎడబాసిన తల్లి నిద్రించునా? భుజించునా? అలంకరించుకొనునా? ఈమె సీత కానేరదని నిశ్చయించి మరల వెదకసాగెను. ఆ సంతోషముతోనే సముద్రము దాటివచ్చి, "చూచితిని" అని చెప్పియుండినచో ఏమై యుండెడిది? కన్నులార కన్నదానిని సైతము పరీక్షించెను గనుకనే ఆయన ఉత్తమదూత.

నేడు సెల్‌ఫోను చేతబట్టిన ప్రతివాడును దూతయే. వాట్సాప్, ఫేస్‌బుక్‌ల మూలమున దూరదేశములందలి బిడ్డల క్షేమము తెలియుచున్నది, ఇది ఉపకారమే. కాని ఎవరో పంపినదానిని పూర్తిగా చదువకమునుపే పదిమందికి పంపుట ఎట్టి ధర్మము?

2018లో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఈ మార్గముననే పలు రాష్ట్రములందు వ్యాపించెను. ఆ ఏడు జూలై 1న మహారాష్ట్రమున ధూలే జిల్లాలోని రైన్‌పాడా గ్రామములో, భిక్షాటనముతో జీవించు సంచారజాతివారిని ఐదుగురిని జనులు గుమిగూడి కొట్టి చంపిరి. వారు నిరపరాధులు. ధనుర్మాసమున హరిదాసు పాత్రలో బియ్యము పోయుట మన ఆచారము. వాకిట నిలిచిన యాచకుని అతిథిగా చూడవలసిన కన్నులకు, ఒక అసత్యసందేశము అతనిని దొంగగా చూపినది!

ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ, మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి ప్రకటించెను. యంత్రమునకు కట్టడి సంస్థ చేయును. మన నాలుకకు, వ్రేలికి నియమము విధింపవలసినవారెవరు?

"పిల్లల మేలుకోరియే పంపితిమి" అని కొందరనవచ్చును. మంచి తలంపు ఒక్కటే చాలదు. గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు వాక్తపస్సును నిర్వచించెను: మాట ఎదుటివానికి ఉద్వేగము కలిగింపరాదు, సత్యమై, ప్రియమై, హితమై యుండవలెను. ఇందు ఒక్కటి లోపించినను అది తపస్సు కాదు. వదంతికి ఉద్వేగమే ఆహారము. మనము దానిని ఆపిన క్షణమున అది ఆకలితో నశించును.

కావున సందేశము పంపబోవునపుడు, మండోదరి శయ్యచెంత నిలిచి విచారించిన మారుతిని స్మరింపుడు. నిజమని తేలనిది మీ చేతిలోనే ఆగిపోవుగాక. ఆపిన వ్రేలితో ఒక్కమారు రామనామము వ్రాయుడు. అదియే మనకు రక్ష, లోకమునకు క్షేమము.

శుభమ్.