ఒక్కరే సముద్రానికి



ముందే అనుకోకుండా, ఎవరి కోసమూ ఆగకుండా ఒక్కరే బస్సెక్కి సముద్రం దగ్గరికి వెళ్లి చూడండి. విశాఖ నుంచి భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు తీరం వెంటే రోడ్డు. నచ్చినచోట దిగిపోవచ్చు. తోడుంటే మాటల్లో పడతాం. ఒంటరిగా ఉంటే భీమిలిలో గోస్తనీ నది కడలిలో కలిసేచోట ఎంతసేపైనా నిలబడతాం.

ఈతకు మాత్రం తొందర వద్దు. విశాఖ ఆర్కే బీచ్ ఎంత అందమో లోపల లాగుడు అంత బలం. విరిగే అలల మధ్య నిమ్మళంగా కనిపించే నీటిపాయే అసలు ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లు ఆ దారినే వెనక్కి పోతాయి. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి. తీరానికి సమాంతరంగా పక్కకి ఈదండి. సత్తువ చాలకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్‌లోనైనా లైఫ్‌గార్డును అడిగాకే దిగాలి.

ఈత తర్వాతి ఆకలికి బీచ్ బండి మీది మురీ మిక్చరే సరైన తిండి. మరమరాలు, ఉల్లి, టమాటా, వేరుశనగ గుళ్లు, కొత్తిమీర, పైన నిమ్మరసం. కలిపిన వెంటనే తినేయాలి, ఆగితే మెత్తబడుతుంది. పక్క బండి మీద మిరపకాయ బజ్జీ చీల్చి ఉల్లిపాయ కూరి ఇస్తారు. ఇంత రుచి పెద్ద హోటళ్లలో నాకెప్పుడూ దొరకలేదు.

వెళ్లండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి మరీ వెళ్లండి.