గోటితో ఒక్క గింజ చిదిమి చూడమ్మా

ఆగమ్మా, ఆగు. ఆ ఆవాల పొట్లం అలాగే మిక్సీలో గుమ్మరించకు. ఆవకాయ పెట్టాలన్న నీ ముచ్చట మంచిదే, ఈ రోజుల్లో నీ ఈడు పిల్లలు ఎంతమంది పెడుతున్నారు గనక! ఆ తొందర ఒక్కటే నాకు నచ్చనిది. సంతలో విడిగా కొన్నానన్నావు కదా, ముందు ఓ తెల్ల పళ్లెంలో పొయ్యి. స్టీలుది వద్దు, ఆ మెరుపులో ఏదీ ఆనదు.

ఇదిగో, ఆవగింజ నున్నగా ఉంటుంది, వేలితో తోస్తే దొర్లిపోతుంది. దాని పక్కన ఆ నల్లది చూశావా? గరుగ్గా, ఒంటి మీద వల అల్లినట్టు గీతలు. అది బలురక్కసి గింజ. పిచ్చి కుసుమ అనేవాళ్లూ ఉన్నారు. కంటికి ఆనకపోతే నీ ఫోను కెమెరాలో పెద్దది చేసి చూడు, ఇలాంటి పనికైనా వాడొచ్చు దాన్ని. ఇంకా అనుమానమైతే గోటితో చిదుము. ఆవగింజ లోపల పసుపు, దీని లోపల తెలుపు. మా అత్తగారు ఏటా వేసవిలో చాట ముందేసుకుని పూటంతా ఇదే పని. చాదస్తం అనుకునేదాన్ని. ఆవిడ ఊళ్లో లేని ఓ ఏడు ఏరకుండానే రోట్లో పోయబోయాను. పొరుగావిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, గుప్పెడు ఆవాల్లోంచి నాలుగు తెల్ల పప్పులు చిదిమి చూపించింది.

మొక్కని నువ్వూ చూసే ఉంటావు. కాలవ గట్టున, రోడ్డు వార, బీళ్లలో. ముళ్ల ఆకులు, ఈనెల వెంట తెల్ల చారలు, పసుప్పచ్చ పూలు. తుంచితే పసుపు పాలు కారతాయి, ఆ చెయ్యి కంట్లో పెట్టుకోకు. కాయ బొటనవేలంత, దానికీ ముళ్లే. ఎండితే తల దగ్గర నాలుగైదు పాయలుగా విచ్చుకుని, గాలి వీచినప్పుడల్లా గింజలు చల్లుతుంది. మన దొడ్లో కనిపిస్తే పూత మీదుండగానే పీకెయ్యాలి, కాయ ఎండేదాకా ఆగకూడదు.

1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని వేలమంది మంచాన పడ్డారు. కాళ్లు వాచాయి, ఆయాసమొచ్చింది, అరవైమందికి పైగా పోయారు. నూరుపాళ్ల నూనెలో ఒక్క పాలు కలిసినా చాలట. మనం ఆవనూనె వాడం కదా అంటావు. నూనె వాడం గానీ పిండి వాడతాం కదమ్మా! ఒకటీ అరా గింజ పోపులో పడితే ప్రాణం పోతుందని బెదిరించడం లేదు. కానీ ఆవకాయ ఒక్క పూటతో అయ్యేదా? జాడీ నిండా కలుపుతాం, ఏడాదంతా ఇంటిల్లిపాదీ తింటాం, నీ చంటాడికీ ముద్దలో కలిపి పెడతావు.

ఏదీ, నా కళ్లజోడు ఇలా అందుకో. సగం నేను ఏరతాను. ఏరినవి కుండీలో పారెయ్యకు, మొలుస్తాయి. సలసల కాగే నీళ్లు పోసి అప్పుడు పారెయ్యి.