ఇరుకు గదిలోని అడ్డుగోడ
(మత్తయి 7:13, 14)

ప్రియులారా, అమెరికా దేశములో 1960-70 సంవత్సరముల మధ్య కట్టిన ఫైబర్‌గ్లాసు మోటారు పడవలను కొందరు కొని బాగుచేసికొందురు. లోపలి గది ఇరుకుగా నున్నదని, దానిని విశాలపరచుటకు చెక్క అడ్డుగోడను కోసివేయ చూతురు. అయితే ఆ గోడయే ఇరుప్రక్కలను పట్టియుంచి, అలల దెబ్బకు పడవ మెలితిరుగకుండ కాపాడును. అడుగున చెమ్మ తగిలి అది చివికినయెడల, తెలిసిన పనివాడు దానిని తీసి, అదే చోట క్రొత్త చెక్క నిలిపి, గాజునార బట్టతోను రెసిన్ జిగురుతోను పడవకు అతికించును. ఆ చోటు ఖాళీగా విడువడు.

మనమును కుటుంబ ప్రార్థనను, ఆదివారపు ఆరాధనను ఇరుకని తీసివేయుచున్నాము. రేవులో నున్నంతకాలము లోటు కనబడదు, తుఫానునాడు కనబడును. మన ప్రార్థన చివికి వట్టి వాడుక మాటలైనయెడల, దానిని మానక, అదే చోట క్రొత్తగా నిలుపుకొందము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.