అసెంబ్లీ వరుసలో మౌనం

చిన్న ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు ఏదైనా పొద్దుటి దృశ్యం ఒకటే. గంట మోగుతుంది, డ్రిల్లు సారు ఈల వేస్తాడు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, తరగతికో వరుస. సావధాన్, విశ్రామ్, ప్రార్థన, ప్రతిజ్ఞ, ఒక సూక్తి, పేపరులోంచి నాలుగు వార్తలు, చివర జనగణమన. పిల్లల పెదాలు కదులుతుంటాయి కానీ మనసు చెయ్యని హోంవర్కు మీద ఉంటుంది. ఈ కాసేపటి వ్యవహారం గురించి పెద్దలది రెండు దారుల మాట. అర్థం తెలియకుండా వల్లించే ఉత్త తంతు, తీసేసినా పోయేదేమీ లేదంటారు కొందరు. పిల్లల్లో భక్తి, దేశభక్తి పుట్టించేది ఇదే, గొంతెత్తనివాణ్ని దండించాలంటారు మరికొందరు. పైకి బద్ధ విరోధుల్లా కనిపించే ఈ ఇద్దరూ లోపల ఒక సంగతి ఒప్పుకునే పోట్లాడుకుంటున్నారు. తంతు విలువంతా దాని వెనకున్న నమ్మకంలోనే ఉందని ఇద్దరి లెక్క. నమ్మకం లేదు కాబట్టి దండగ అని ఒకరు, ఉండి తీరాలి కాబట్టి బెత్తం అని మరొకరు. ఆ లెక్కే తప్పని నేననేది.

కర్మకూ నమ్మకానికీ ఉన్న లంకె గురించి మన దేశంలో అందరికంటే నిక్కచ్చిగా ఆలోచించినవాళ్లు మీమాంసకులు. వేదాన్ని తలకెత్తుకున్న ఈ శాస్త్రం దేవుడి విషయంలో మాత్రం విచిత్రమైన పొదుపు పాటించింది. యాగంలో ప్రధానం కర్మ. దేవత దానికి అంగం మాత్రమే. హవిస్సు అందుకోవడానికి దేవత ఒళ్లు ధరించి రానక్కర్లేదని శబరస్వామి భాష్యం వాదించింది. కర్మల్ని వాళ్లు మూడుగా విడదీశారు. సంధ్యావందనంలా రోజూ చేయాల్సినవి నిత్యాలు. గ్రహణ స్నానంలా ఏదో ఒక సందర్భం వచ్చిపడినప్పుడు చేసేవి నైమిత్తికాలు. ఫలం కోరి చేసేవి కామ్యాలు. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా దక్కేదేమీ లేదు, మానేస్తే మాత్రం దోషం అన్నది వాళ్లలో ప్రసిద్ధమైన పక్షం. చేసినప్పుడు మనసు ఉప్పొంగిందా లేదా అన్నది అక్కడ అసలు ప్రశ్నే కాదు. బడి ఆచారాలను ఈ మూడు గదుల్లో సర్ది చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ముందుగా ప్రతిజ్ఞ. దాన్ని రాసింది తెలుగువాడే. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ, చైనాతో యుద్ధం వచ్చిన 1962లో రాశారు. మరుసటి ఏడాది విశాఖ బడుల్లో మొదలై, 1965 జనవరి 26 నుంచి దేశమంతటా పిల్లల నోళ్లలో పడింది. అందులో ఏ దేవుడి పేరూ లేదు; దేశం, తోటి జనం, తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు, అంతే. అయితే ఒక సందేహం. ప్రతిజ్ఞ అన్నది ఒక్కసారి చేసేది కదా? భీష్ముడు రోజూ పొద్దున్నే ప్రతిజ్ఞ చేయలేదు. ఒక మాటను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా బడి ఉన్న ప్రతి రోజూ చెబుతున్నామంటే, దాని పేరు ప్రతిజ్ఞ అయినా తీరు సంధ్యావందనానిది. అది మనసులోని సంకల్పాన్ని బయటపెట్టడం కాదు, పగటిని అందరం కలిసి మొదలుపెట్టడం. కాబట్టి పిల్లలు యాంత్రికంగా అంటున్నారని ఫిర్యాదు చేయడం, రోజూ అన్నం తినేటప్పుడు ఆకలి గురించి ధ్యానించడం లేదని ఫిర్యాదు చేయడం లాంటిది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. భావం అక్కర్లేదంటే కర్మకు మిగిలేదేమిటి? కవాతు మాత్రమేనా? మిగిలేది వరుస. మన సమాజంలో వరుస అనేది ఎప్పుడూ అమాయకమైన మాట కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో తేల్చింది భోజనాల పంక్తే. పలనాటి బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడన్న కథను ఇన్ని వందల ఏళ్లుగా జనం చెప్పుకుంటున్నారంటే, ఒక వరుస మార్చడం ఎంత పెద్ద సాహసమో ఊహించవచ్చు. హైస్కూలు అసెంబ్లీలో కొలత ఎత్తు. మోతుబరి కొడుకు ముందు కూలివాడి కొడుకు నిలబడితే అది అంగుళాల లెక్కే. ఊళ్లో ఇళ్లు కులాల వారీగా, శ్మశానాలు కులాల వారీగా ఉన్న చోట ఈ ఏర్పాటు చిన్నది కాదు. నేను ఆసరా తెచ్చుకున్న మీమాంస ఈ చోట నాకు అక్కరకు రాదని కూడా ఒప్పుకోవాలి. యాగానికి శూద్రుడికి అధికారం లేదని తేల్చింది ఆ శాస్త్రమే, దాని మూలగ్రంథమైన జైమిని సూత్రాల్లోనే ఆ అధికరణం ఉంది. కర్మకు నమ్మకం కంటే చేయడం ముఖ్యమని కనిపెట్టినవాళ్లే చేసే హక్కును కొందరికే పరిమితం చేశారు. బడి ఆ శాస్త్రంలోంచి తర్కాన్ని తీసుకుని తలుపు తాళాన్ని వదిలేసినట్టయింది. వరుసలోంచి బయటికి రాగానే పిల్లలు మళ్లీ తమ తమ కులాల్లోకి నడిచిపోతారు, నిజమే. అయినా ఐదేళ్లపాటు రోజూ కాసేపు మరో రకంగా నిలబడిన అలవాటు కాళ్లకు ఉంటుంది. పాఠ్యపుస్తకంలో సమానత్వం మీద ఉన్న పేజీ కంటే ఆ అలవాటునే నేను నమ్ముతాను.

విలువ వరుసలోనే ఉందన్నాక, అందులో నిలబడి నోరు మెదపని పిల్ల సంగతేమిటి? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1985లో కేరళలోని కొట్టాయం జిల్లాలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపేశారు. ఒకరిది పదో తరగతి, ఒకరిది తొమ్మిది, ఒకరిది ఐదు. జాతీయగీతం వేళ వాళ్లు అందరితో పాటు లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. తమ దేవుడికి తప్ప మరెవరికీ స్తోత్రం చేయకూడదన్నది వాళ్ల విశ్వాసం. వాళ్లు అగౌరవమేమీ చూపలేదని విచారణ సంఘమే చెప్పినా, విద్యాశాఖ పైనుంచి ఒత్తితే బడి గేటు మూసుకుంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడ్డ ఈ వివాదంలో 1986 ఆగస్టులో తీర్పు రాసింది తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ లేదని, లేచి గౌరవంగా నిలబడితే మర్యాద దక్కినట్టేనని, పిల్లల్ని తిరిగి చేర్చుకోవాలని ఆయన తేల్చారు. ఒకరికి వదిలిపెడితే రేపు సగం వరుస మూగబోతుందని భయపడేవాళ్లకు ఆ తీర్పు వచ్చి నలభై ఏళ్లు కావొస్తోందని గుర్తుచేయాలి. జనగణమన బడుల్లో వినిపిస్తూనే ఉంది. ఆ పిల్లల మతం నాకు సమ్మతమేనా అంటే కాదు. ఒక పాటను పూజ అనుకోవడం అతిగానే తోస్తుంది. కానీ వాళ్లు తమ మాటకు ఇచ్చిన బరువు, వరుసలో గోల చేస్తున్న వందమందీ ఇవ్వలేదు. పాటను అంత గట్టిగా పట్టించుకున్నవాళ్లను పాటను పట్టించుకోలేదని బయటికి పంపడం వింత.

జాతీయగీతం కంటే చిక్కయింది ప్రార్థన. సర్కారు బడిలో సరస్వతి శ్లోకం, మిషనరీ బడిలో క్రీస్తు కీర్తన చాలా చోట్ల మామూలే. ఎవరైనా అడిగితే ఇది మతం కాదు, సంస్కృతి అంటారు. ఈ జవాబులో రెండు నాలుకలున్నాయి. భక్తుడైన తండ్రికి అది పూజ అని చెప్పి మెప్పు పొందుతాం, ముస్లిం తండ్రికి అది ఉత్త సంస్కృతి అని నచ్చజెబుతాం. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ అంటుంది. గుర్తింపు, ఎయిడు ఉన్న మిగతావాటిలోనూ మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా ఆరాధనకు కట్టిపడేయకూడదంటుంది. ఉదయపు శ్లోకం మతబోధ కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్ల పని. నా కొలత వేరు. అది నిత్యకర్మగా అందరిదీ కావాలనుకుంటే, అందులో ఎవరో ఒకరి ఇష్టదైవం ఉండకూడదు. ఉంటే, పలకని హక్కు నోరు తెరిచి అడగక ముందే ఇవ్వాలి. పన్నెండేళ్ల పిల్ల హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి నేను పాడనని చెప్పుకుంటుందని ఎదురుచూడటం అన్యాయం.

కామ్యకర్మ దగ్గర గీత ఇంకా స్పష్టం. కోనసీమ అయినవిల్లిలో సిద్ధి వినాయకుడికి పరీక్షల ముందు లక్ష పెన్నులతో అర్చన చేసి విద్యార్థులకు పంచుతారు. బాసరలో హాలుటికెట్లు అమ్మవారి ముందు పెట్టి దండం పెట్టుకునేవాళ్లూ ఉంటారు. నవ్వాల్సిన పని లేదు, భయం ఉన్నచోట మొక్కు ఉంటుంది. కానీ ఫలం కోరినవాడే ఆ కర్మకు అధికారి అన్నది పాత సూత్రం. పదో తరగతి పాసవ్వాలని అందరికీ ఉంటుంది కదా, అందరికీ కలిపి బడిలోనే హోమం చేయిస్తే తప్పేమిటని అడగొచ్చు. పాసవడం అందరి కోరికే. ఎవరిని అడగాలన్నది అందరిదీ ఒకటి కాదు. ఆ పూజకు గుడి ఉంది, ఇల్లుంది. నైమిత్తికాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అవి తమ పని తాము చూసుకుంటాయి. సెప్టెంబరు 5న పదో తరగతి పిల్లలు చీరలు, పంచెలు కట్టి టీచర్లవుతారు, ఒకడు డీఈవో అయి తనిఖీకి కూడా వస్తాడు. ఏడాది చివర తొమ్మిదివాళ్లు పదివాళ్లకు వీడ్కోలు ఇస్తారు. ఒకప్పుడు దసరాకు పంతులుగారు విల్లంబులు పట్టిన పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి, తనకు కట్నం, వాళ్లకు పప్పుబెల్లాలు పుచ్చుకునేవారు. పంతులుకు జీతం నికరమయ్యాక ఆ తిరుగుడు ఆగింది, ఎవరూ నిషేధించలేదు.

ఇక నోరు మెదపని పిల్ల. ఆమెకు వరుసలో చోటు ఇవ్వడమంటే వెనకెక్కడో నిలబెట్టి చూడనట్టు నటించడం కాదు. అసెంబ్లీలో ప్రార్థన ఒక్కటే లేదు. సూక్తి ఉంది, వార్తలున్నాయి, తరగతుల వంతుల పట్టీ ఉంది. ప్రార్థన పాడే ముగ్గురిలో ఆమె పేరు వేయకుండా, వార్తలు చదివే వంతులో వేయడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు. డ్రిల్లు సారు చేతిలో కలముంటే చాలు.