పేరు వచ్చిన చోటు విడిచిన వైద్యురాలు



మన రుద్రంగిలోను, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఊళ్ళలోను మగవారు గల్ఫుకు వెళ్ళగా ఇంటి భారమంతా మోస్తున్న తల్లులు ఎందరో ఉన్నారు. బీడీలు చుడతారు, పొలం చూసుకుంటారు, పిల్లలను చదివిస్తారు. ఆ శక్తి వారిలో ముందునుంచీ ఉన్నదే. అవసరం దానిని బయటపెట్టింది, అంతే. అయితే దేవుడిచ్చిన ఆ శక్తిని ఎవరికోసం వాడాలి? ఈ ప్రశ్నకు డాక్టర్ మేరీ గ్లౌరీ జీవితమే ఒక జవాబు.

ఆమె 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టారు. స్త్రీలు వైద్యం చదవడమే అరుదైన ఆ రోజుల్లో, 1910లో, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మగ డాక్టర్లు ఎందరో సైన్యం వెంట వెళ్ళిపోయారు. వారి పని ఆమెవంటి వైద్యురాండ్ర మీద పడింది. రోగులు పెరిగారు, పేరు పెరిగింది.

సరిగ్గా ఆ సమయంలో, 1915లో, ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. పరపురుషుడైన డాక్టరు దగ్గరకు వెళ్ళలేక భారతదేశంలో తల్లులు, బిడ్డలు చనిపోతున్న సంగతి, డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ వారికోసం పడిన శ్రమ అందులో చదివారు. అక్కడే తన పిలుపు విన్నారు. యుద్ధం ముగిశాక, 1920లో, అంతా విడిచి మన గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో మఠకన్య అయ్యారు.

మఠవాసులు వైద్యం చేయరాదని అప్పటి శ్రీసభ నియమం. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. విశ్రాంతి దినాన ఊచచేయి గలవానిని స్వస్థపరచిన ప్రభువు మనసు ఇదే కదా! నియమం గొప్పదే; ప్రాణం అంతకన్న గొప్పది.

చిన్న మందుల శాలలో మొదలైన సేవ గుంటూరులో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. ఆమె ఒక్కరే ఎందరిని చూడగలరు? అందుకే మన అమ్మాయిలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలపడం నేర్పారు. 1943లో, మరో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, తోటి మఠకన్యలను కూడగట్టి భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. మనకొక కతోలిక వైద్య కళాశాల కావాలని ఆశించారు. 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. 1963లో అదే బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వెలసింది. 2013లో శ్రీసభ ఆమెను దేవుని సేవకురాలిగా ప్రకటించింది.

ప్రియులారా, యుద్ధం ఆమెకు పేరు తెచ్చిపెట్టింది. ఆ పేరు దగ్గరే ఆగిపోతే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆమె మాత్రం తనకు అబ్బిన విద్యను, ఎవరూ పట్టించుకోని తల్లి మంచం దగ్గరకు తీసుకువెళ్ళారు. మన ఇళ్ళలోను చదువుకునే ఆడపిల్లలు ఉన్నారు. "ఆడపిల్లకు ఇంత చదువెందుకు" అని ఆపకండి. ఆ చదువుకోసం ఎక్కడో ఒక రోగి ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆ రోగిలో ఉన్నది ప్రభువే.